దొరికే పని వేరు, లెక్కలోకొచ్చే పని వేరు: ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడేలో ఉద్యోగ వేట

సిడ్నీలో ఒక కెఫేలో మూడు నెలలు కాఫీలు కలిపితే జీతం వస్తుంది. డార్విన్‌లో అదే కాఫీ అదే మూడు నెలలు కలిపితే జీతంతో పాటు ఆ దేశంలో ఇంకో ఏడాది ఉండే అర్హత కూడా వస్తుంది. తోటలో ద్రాక్ష గుత్తులు కోసిన రోజులు వ్యవసాయ పని కింద వీసా లెక్కలో పడతాయి. అవే గుత్తులు షెడ్డులోకి చేరాక, వాటితో వైన్ తయారుచేసే చోట చేసిన పని ఆ లెక్కలో పడదు.

ఒంటరిగా వర్కింగ్ హాలిడేకి, అంటే దేశం చూస్తూ ఖర్చులకు పని చేసుకునే వీలిచ్చే యువత వీసా మీద, బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది, "అక్కడ పని దొరుకుతుందా?" అని. దొరుకుతుంది. చిక్కు దొరకడంలో లేదు. చేతిలో ఉన్న డబ్బు తొందరపెడుతుంది. పంటలు, టూరిస్టు సీజన్లు తమ సమయం వచ్చేదాకా కదలవు. వీసా షరతులు ఇంకో వైపు లాగుతాయి. వీటి మధ్య మొదటి నెలలో కంగారుగా తీసుకున్న ఒక్క నిర్ణయం తర్వాతి ఏడాదినంతా నిర్ణయించేస్తుంది. అందుకే ఉద్యోగ ప్రకటనల కన్నా ముందు వీసా షరతుల దగ్గర మొదలుపెడదాం.

ఆస్ట్రేలియాలో ఈ తరహా వీసాలు రెండు. 1975లో బ్రిటన్, ఐర్లాండ్, కెనడా యువతీయువకులతో మొదలైన పథకం ఇప్పుడు 417 నంబరు వీసాగా నడుస్తోంది. రెండోది 462. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వర్తించేది ఈ రెండోదే. రెండు దేశాల మధ్య 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో మాట ఇచ్చి, 2024 సెప్టెంబరు 16 నుంచి తలుపు తెరిచారు. ఏడాదికి 1,000 మందికే చోటు కాబట్టి ముందు లాటరీ ఉంటుంది. 25 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. పేరు తగిలితేనే అసలు దరఖాస్తు. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, స్కూలు తర్వాత కనీసం రెండేళ్ల చదువు, పని నడిచేంత ఇంగ్లిష్, ఖాతాలో ఓ 5,000 డాలర్లు చూపించాలి. ఇక్కడ డాలరు అన్నచోటల్లా ఆస్ట్రేలియా డాలరే.

వీసా చేతికొచ్చాక మొదటి షరతు: ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. వ్యవసాయ పనికి, ఉత్తర ఆస్ట్రేలియాలో కొన్ని రంగాలకు ఇందులో మినహాయింపు ఉంది. అదే సంస్థకు వేరే ఊళ్లో శాఖ ఉంటే అక్కడ ఇంకో ఆరు నెలలు చేయొచ్చు. ఈ షరతు ఉద్దేశం తేలికగానే అర్థమవుతుంది: మీరు హాలిడేకి వచ్చారు, పని దాని ఖర్చులకు. కానీ దీని ప్రభావం మీకు ఇంటర్వ్యూలోనే తగులుతుంది. "ఎన్నాళ్లు ఉంటావు?" అని అడుగుతారు. పెద్ద ఆఫీసులు ఆరు నెలల మనిషికి పని నేర్పించడానికి ఇష్టపడవు. కాబట్టి డిగ్రీకి తగ్గ ఉద్యోగం కోసం తొలి రెండు నెలలూ దరఖాస్తులు పెడుతూ కూర్చోవడం నా ఉద్దేశంలో డబ్బు కరగబెట్టుకోవడమే. ఇద్దరో ముగ్గురో గెలుస్తారు, నిజమే. వాళ్లు అకౌంటింగ్ లాంటి రంగాల్లో ఏజెన్సీల ద్వారా తాత్కాలిక ఖాళీలు పట్టినవాళ్లు.

ఇక 88 రోజుల కథ. మొదటి వీసా ఏడాదికే. రెండో ఏడాది కావాలంటే, మొదటి ఏడాదిలో ప్రభుత్వం గుర్తించిన పనిని గుర్తించిన ప్రాంతంలో మూడు నెలలు చేసి ఉండాలి. బ్యాక్‌ప్యాకర్ల భాషలో అదే 88 రోజులు. మూడో ఏడాదికి రెండో వీసా మీద ఆరు నెలలు చేయాలి. ఆ పనులేమిటంటే పంటల సాగు, కోత, పశువుల పెంపకం, చేపలు, ముత్యాల వేట, చెట్ల పెంపకం, కోత, నిర్మాణ పని, కార్చిచ్చు తర్వాత పునరుద్ధరణ. వీటితో పాటు ఇంకోటి ఉంది: ఉత్తరాన గానీ, మారుమూల ప్రాంతాల్లో గానీ టూరిజం, హోటల్ పని. డార్విన్ కాఫీకి విలువ వచ్చింది దీనివల్లే. కెయిన్స్‌లో హోటల్ గదులు సర్దినా, బ్రూమ్‌లో బార్‌లో నిలబడినా లెక్కే. గోల్డ్ కోస్ట్‌లో అదే బార్ పని లెక్క కాదు. అంతా పోస్ట్‌కోడ్ మీద ఆధారపడి ఉంటుంది. ఊరి పేరు పల్లెటూరిలా వినిపించినంత మాత్రాన సరిపోదు. ఆస్ట్రేలియా హోం వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో మీ వీసా నంబరుకు సంబంధించిన జాబితాలో పని చేసే చోటు పోస్ట్‌కోడ్ కనపడాలి. 417 జాబితా, 462 జాబితా ఒకటి కావు. గనుల పని మొదటిదానిలో ఉంది, రెండోదానిలో లేదు. హాస్టల్లో పక్క మంచం జర్మన్ కుర్రాడు "నాకు లెక్కలోకొచ్చింది" అన్నాడంటే అది అతని వీసాకు. బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్లకైతే 2024 జూలై 1 నుంచి అసలు ఈ రోజుల గొడవే లేదు, కాబట్టి వాళ్ల సలహా ఈ విషయంలో బొత్తిగా పనికిరాదు.

రోజులు లెక్కపెట్టడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆ రంగంలో వారానికి ఐదు రోజుల పూర్తి పని మామూలైతే, ఆ ఐదు రోజులూ చేసినవారికి వారం మొత్తం, అంటే ఏడు రోజులు జమ. వానపడి మూడు రోజులే తోటలోకి పిలిచారనుకోండి, అప్పుడు మూడే. ఒక రోజు పద్నాలుగు గంటలు చేసినా అది ఒక్క రోజే, రెండు కాదు. వరసగా చేయాల్సిన పని లేదు, నలుగురు యజమానుల దగ్గర ముక్కలుగా చేసినా కూడుకోవచ్చు. జీతం లేకుండా తిండికీ బసకీ చేసే స్వచ్ఛంద సేవ 2015 డిసెంబరు నుంచి చెల్లడం లేదు. దీనివల్ల తేలేదేమిటంటే వీసాలో చివరి మూడు నెలలు మిగిలి ఉండగా తోటలకు బయల్దేరినవాడి చేతికి 88 రోజులు దాదాపు దొరకవు. వాన, పంట ఆలస్యం, మధ్యలో మూడు రోజుల జ్వరం, ఏదో ఒకటి తినేస్తుంది. రెండో ఏడాది మీద ఏమాత్రం ఆశ ఉన్నా, ముందు ఆ రోజులు పూర్తి చేసుకుని తర్వాత సిడ్నీకో మెల్‌బోర్న్‌కో రావడం మేలు. సరదా ముందు, కష్టం తర్వాత అనుకున్నవాళ్లే చివర్లో నకిలీ పే స్లిప్పులు అమ్మేవాళ్ల చేతుల్లో పడతారు. వీసా ఆఫీసు పే స్లిప్పుతో ఆగదు, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా అడగొచ్చు. స్లిప్పులో ఉన్న జీతం ఖాతాలో లేకపోతే అక్కడితో సరి.

మొదటి వారం పని ఎవరికైనా ఒకటే: ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, టీఎఫ్ఎన్ అనే పన్ను నంబరు. టీఎఫ్ఎన్‌కు పన్నుల శాఖ సైట్లో దరఖాస్తు ఉచితం. డబ్బు తీసుకుని అదే ఫారం నింపిపెట్టే సైట్లు వెతుకులాటలో పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. దేశంలో దిగాకే దరఖాస్తు చేయాలి, నంబరు పోస్టులో వస్తుంది, 28 రోజుల దాకా పట్టొచ్చు. వారానికో హాస్టల్ మారే మనిషికి ఉత్తరం ఎక్కడికి రావాలి? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఒంటరిగా వచ్చినవారి మొదటి నెల గందరగోళంలో సగం ఇదే. కొంతకాలం కదలని చిరునామా ఒకటి ముందే చూసి పెట్టుకోండి. నంబరు రాకముందే పనిలో చేరొచ్చు, అయితే 28 రోజుల్లోగా యజమానికి ఇవ్వాలి. లేదంటే అత్యధిక రేటులో పన్ను కోస్తారు.

మద్యం అందించే ఏ చోటైనా ఆర్ఎస్ఏ, అంటే మద్యాన్ని బాధ్యతగా వడ్డించడం నేర్చుకున్నట్టు, సర్టిఫికెట్ అడుగుతారు. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వేరే రాష్ట్రంలో తీసుకున్నదానితో విక్టోరియాలో నేరుగా పనిచేయనివ్వరు, అక్కడి చిన్న కోర్సు ఒకటి కలపాలి. నిర్మాణ స్థలాలకు వైట్ కార్డ్ అనే భద్రతా శిక్షణ కార్డు కావాలి, అది దేశమంతా చెల్లుతుంది. పనులెక్కడ చేస్తారో తేలకముందే అన్ని సర్టిఫికెట్లూ కొనేయకండి.

ఎక్కడ అన్నది ఎప్పుడు అన్నదాని మీద ఉంటుంది. జూన్‌లో టాస్మేనియాలో దిగి పండ్ల కోత అడిగితే నవ్వుతారు. అక్కడ చెర్రీలు డిసెంబరు, జనవరిల్లో, ఆపిల్ ఫిబ్రవరి నుంచి. జూన్‌లో పని ఉత్తరాన ఉంటుంది: మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, డార్విన్, బ్రూమ్ టూరిస్టులతో కిటకిటలాడతాయి, క్వీన్స్‌లాండ్‌లో బోవెన్ చుట్టూ కూరగాయల కోత. వానాకాలం మొదలవగానే ఉత్తరాన హోటళ్ల పని పల్చబడుతుంది, ఆలోపు డార్విన్, కాథరిన్ వైపు మామిడి కోత వచ్చి చివరి నెలలు నింపుతుంది. మిల్డూరా ద్రాక్ష ఫిబ్రవరిలో. ఏ కాలంలోనూ ఖాళీ లేనివి ఇన్నిస్‌ఫెయిల్, టల్లీ అరటి తోటలు. ఏడాది పొడవునా కోతే, కానీ గెల బరువు భుజానికెత్తుకుని బురదలో నడిచే పని, సాలీళ్లు అదనం. మంచు ఆటల ఊళ్లు థ్రెడ్బో, పెరిషర్ జూన్ నుంచి నడుస్తాయి, కానీ మనుషుల్ని తీసుకోవడం అంతకు నాలుగైదు నెలల ముందే మొదలవుతుంది. జూన్‌లో వెళ్లి తలుపు తట్టేవాడికి మిగిలేది ఎవరో మధ్యలో మానేసిన గిన్నెల పనే.

ప్రకటనలు సీక్, ఇండీడ్, గమ్‌ట్రీ, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఉంటాయి. పంటల పనికి ప్రభుత్వమే నడిపే హార్వెస్ట్ ట్రైల్ ఉంది, ఏ నెలలో ఏ ఊళ్లో ఏ పంటో చెప్పే గైడు కూడా అందులోనే. కెఫేలు, రెస్టారెంట్ల విషయంలో మాత్రం నేరుగా లోపలికి నడవడమే ఇప్పటికీ పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనాల తాకిడి తగ్గాక, మూడు గంటల ప్రాంతంలో వెళ్లాలి. ఒక పేజీ రెజ్యూమే, ఫొటో వద్దు, పుట్టినతేదీ వద్దు, స్థానిక ఫోన్ నంబరు మాత్రం పైనే ఉండాలి. ఏ రోజుల్లో రాగలరో కూడా అక్కడే రాసిపెట్టండి. శని, ఆదివారాలు రాగలను అన్న ఒక్క వాక్యం రెండు డిగ్రీలకన్నా బరువు తూగుతుంది.

తీసుకునే ఉద్దేశం ఉంటే ట్రయల్‌కి రమ్మంటారు. కాఫీ యంత్రం ముందు ఆ నిమిషం ఎలా ఉంటుందంటే: జగ్గులో చల్లని పాలు, ఆవిరి గొట్టం మొన పాల పైపొరకి తగిలీ తగలనట్టు పెట్టాలి. చిర్రుమని కాగితం చింపినట్టు చిన్న చప్పుడు రెండు మూడు క్షణాలు వస్తుంది. వెంటనే గొట్టాన్ని కొంచెం లోపలికి దించితే చప్పుడు ఆగి పాలు సుడి తిరగడం మొదలవుతుంది. చప్పుడు ఆగకుండా సాగిందంటే బుడగలు పెద్దవైపోయాయన్నమాట. జగ్గు అడుగు అరచేతికి ఓర్చుకోలేనంత వేడెక్కే ముందే ఆపాలి. మేనేజరు అటు తిరిగి కప్పులు సర్దుతున్నట్టే ఉంటాడు, వినేది ఆ చప్పుడునే. రెజ్యూమేలో "రెండేళ్ల బరిస్టా అనుభవం" అని రాసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. రాని పనికి అనుభవం రాసుకోవడం కన్నా ముందే ఒక పూట కోర్సుకి వెళ్లడం చవక.

ట్రయల్ ఎంతసేపు ఉచితం? చట్టం ప్రకారం, పని వచ్చో రాదో చూపించడానికి పట్టే సమయం మేరకే, అదీ ఎవరో పక్కన నిలబడి చూస్తున్నప్పుడే. కాఫీ కలిపి చూపించడానికి ఒక పూట పట్టదు. శుక్రవారం రాత్రి షిఫ్ట్ మొత్తం చేయించుకుని "చెప్తాం" అని పంపేస్తే అది కూలి ఎగ్గొట్టడమే.

జీతం దగ్గరికి వద్దాం. 2025 జూలై 1 నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. హాలిడే మీద వచ్చినవారికి దొరికేవి ఎక్కువగా క్యాజువల్ ఉద్యోగాలు, అంటే జీతంతో కూడిన సెలవులుండవు, వచ్చే వారం షిఫ్టులకు హామీ లేదు. దానికి బదులుగా 25 శాతం అదనం. అలా గంటకు 31.19. వారానికి 38 గంటలు చేశారనుకుంటే 1,185 డాలర్ల 22 సెంట్లు. స్థానికులకు మొదటి 18,200 డాలర్ల మీద పన్ను లేదు. మీకు తొలి డాలరు నుంచే 15 శాతం, 45,000 డాలర్ల దాకా. పన్ను పోగా 1,007.44 ఖాతాలో పడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది: వర్కింగ్ హాలిడే వాళ్లను పెట్టుకుంటున్నట్టు యజమాని పన్నుల శాఖ దగ్గర నమోదు చేసుకుని ఉంటేనే 15. లేకపోతే 30 కోయాలి. చేరే రోజే "మీరు రిజిస్టర్ అయ్యారా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఈ బ్యాక్‌ప్యాకర్ పన్ను మీద ఒక బ్రిటిష్ యువతి హైకోర్టు దాకా వెళ్లి 2021 నవంబరులో గెలిచింది, ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు పేరు హైకోర్టే. ఆ తీర్పు ఫలం బ్రిటన్, జర్మనీ, జపాన్ లాంటి కొన్ని దేశాలవాళ్లకే, అదీ పన్ను లెక్కలో ఆస్ట్రేలియా నివాసి అనిపించుకుంటేనే.

అదే నెలలో తోట కూలీలకూ ఒక మంచి మాట వచ్చింది. అంతవరకు కోతల్లో గుత్త లెక్కే: ఎన్ని బకెట్లు నింపితే అంత. చేయి తిరిగినవాడికి బాగానే గిట్టేది, మొదటి వారం వచ్చినవాడికి రోజంతా ఎండలో వంగినా హాస్టల్ అద్దె కూడా వచ్చేది కాదు. ఫెయిర్ వర్క్ కమిషన్ తీర్పుతో 2022 ఏప్రిల్ 28 నుంచి గుత్త రేటు ఉన్నా సరే, గంటకు కనీస వేతనం తగ్గకూడదు. యజమాని మీ గంటలు రాసిపెట్టాలి. అందుకే ప్రకటనలో "గంటల లెక్క ఉండదు, నింపినదానికే డబ్బు" అని ఉందంటే ఆ ప్రకటన రాసినవాడే తన తప్పు ఒప్పుకున్నట్టు.

ఇంకో పాత ఎత్తు ఏబీఎన్. అది సొంత వ్యాపారం చేసేవాళ్లు తీసుకునే నంబరు. గిన్నెలు కడగడానికో, గదులు ఊడవడానికో ఏబీఎన్ తెచ్చుకోమంటున్నారంటే మిమ్మల్ని ఉద్యోగిగా చూపించకుండా కనీస వేతనం, బీమా, సూపర్ అనే పింఛను జమ అన్నీ తప్పించుకోవడానికే. టైమింగు వాళ్లది, యూనిఫాం వాళ్లది, చెప్పిన పనల్లా చేయాలి, అలాంటప్పుడు మీరు వ్యాపారి ఎలా అవుతారు?

ఈ మోసాలు అరుదు అనుకోవద్దు. 2017లో వెలువడిన ఒక నివేదిక కోసం రెండు సిడ్నీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 4,322 మంది తాత్కాలిక వీసాదారులను అడిగి చూస్తే, దాదాపు మూడో వంతు మంది గంటకు 12 డాలర్లు లేదా అంతకన్నా తక్కువకే పనిచేశామన్నారు. అప్పటి నుంచి చట్టం గట్టిపడింది. వీసా చూపించి బెదిరించి పని చేయించడం 2024 జూలై నుంచి, కావాలని జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి నేరాలు. ఫిర్యాదుకు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ ఉంది, నంబరు 13 13 94. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే 131 450కి ఫోన్ చేసి దుభాషిని అడగొచ్చు. అయితే ఫిర్యాదు నిలబడాలంటే కాగితం కావాలి. పే స్లిప్పు, జీతం ఇచ్చిన ఒక్క పనిదినంలోగా ఇవ్వాలన్నది చట్టం. దానితో పాటు మీ ఫోన్‌లో రోజూ ఎక్కిన గంట, దిగిన గంట, తోట పేరు, పోస్ట్‌కోడ్ రాసుకోండి. 88 రోజుల లెక్కకూ ఆ నోట్సే ఆధారం.

ఒంటరితనం గురించి అందరూ బెంగ విషయంగానే మాట్లాడతారు. పని విషయంలో దానికి లాభం కూడా ఉంది. ఎడారి దారిలో పెట్రోలు, తిండి, గదులు దొరికే రోడ్‌హౌస్‌కు ఒక్క మనిషే కావాలి, ఒక్క గదే ఉంటుంది. జంటగా వచ్చినవాళ్లు వదులుకునే ఖాళీ మీకు దొరుకుతుంది. తిండీ బసా అక్కడే కాబట్టి జీతం దాదాపు మొత్తం మిగులుతుంది, మారుమూల ప్రాంతమైతే రోజులూ లెక్కలో పడతాయి. నష్టం ఎక్కడంటే, పని నచ్చకపోతే బయటపడే దారి మీ చేతిలో ఉండదు. కారు లేదు, బస్సు వారానికి రెండుసార్లు, ఉద్యోగం పోతే గదీ పోతుంది. కాబట్టి ఇలాంటి చోట్లకు ఒప్పుకునే ముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగాల్సిందే: గదికి తాళం ఉందా, గది అద్దె జీతంలోంచి ఎంత కోస్తారు, వారానికి ఎన్ని గంటలు, దగ్గర్లో ఫోన్ సిగ్నల్ ఉందా. వెనక్కి రావడానికి టికెట్ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. పాస్‌పోర్టు చూపించొచ్చు, ఫొటోకాపీ ఇవ్వొచ్చు, దాచిపెడతామని అడిగితే ఇవ్వకూడదు.

పని చూపించే హాస్టళ్లదీ ఇదే తంతు. తోటలతో సంబంధం పెట్టుకుని, మీరు అక్కడ దిగితే పనికి పంపుతారు, వ్యాన్‌లో తీసుకెళ్తారు. కారు లేనివాళ్లకు ఇది నిజంగా ఉపకారమే. కానీ పని మొదలవకముందే నాలుగు వారాల అద్దె ముందుగా కట్టమన్నారంటే, వాళ్ల వ్యాపారం మీ పని మీద కాదు, మీ ఎదురుచూపు మీద నడుస్తోందని అర్థం. పంట ఇప్పుడు నడుస్తోందా, నిన్న ఎంతమంది తోటకు వెళ్లారు అని లోపల ఉన్నవాళ్లనే అడగండి. గదిలో పొగ అలారం పనిచేస్తోందో లేదో, కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడండి. క్వీన్స్‌లాండ్‌లోని చిల్డర్స్ అనే చిన్న ఊళ్లో 2000 జూన్ 23న ఇలాంటి హాస్టల్ తగలబడి 15 మంది బ్యాక్‌ప్యాకర్లు చనిపోయారు.

చివరగా మిగిలేది సూపర్. జీతం మీద అదనంగా 12 శాతం యజమాని మీ పేరిట పింఛను నిధిలో వేయాలి. పైన చెప్పిన వారానికి అది 142.23 డాలర్లు. దేశం వదిలి, వీసా ముగిశాక ఆన్‌లైన్లో వెనక్కి తీసుకోవచ్చు, కాకపోతే వర్కింగ్ హాలిడే వాళ్ల దగ్గర అందులో 65 శాతం పన్నుగా పట్టుకుంటారు. చేతికొచ్చేది 49.78. తక్కువే, కానీ ముప్పై వారాలు పనిచేసినవారికి దగ్గర దగ్గర 1,500 డాలర్లు. ప్రతి కొత్త ఉద్యోగంలో కొత్త ఖాతా తెరవనిస్తే ఒక్కోదానికీ నిర్వహణ రుసుము కోత పడుతుంది. మొదటి ఉద్యోగంలో తెరిచిన ఖాతా నంబరునే అందరికీ ఇవ్వండి. ఆ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, దేశం విడిచాక కూడా తెరవగలిగేదై ఉండాలి. ఆస్ట్రేలియా సిమ్‌కు వచ్చే ఓటీపీ మీద ఆధారపడితే, విమానం ఎక్కాక ఆ డబ్బు మీకు కనిపిస్తుంది గానీ అందదు.